విదేశీ విద్యార్థులపై మూసాభిప్రాయాలు

విదేశీ విద్యార్థులపై మూసాభిప్రాయాలు అనగా, చదువు నిమిత్తం ఒక దేశం నుండి మరొక దేశపు విశ్వవిద్యాలయానికి వచ్చిన విద్యార్థిని ఒక వ్యక్తిగా కాక, అతని దేశం, రంగు, భాష లేదా మతం గురించి ముందుగానే ఏర్పరచుకొన్న అభిప్రాయాన్ని బట్టి అంచనా వేయుట. విద్యార్థి మార్పిడి పథకాలపై కొద్ది నెలలకు వెళ్ళినవారు, పట్టా కొరకు సంవత్సరాల తరబడి ఉండేవారు ఇరువురూ దీనిని ఎదుర్కొంటారు.

తెలుగువారికి ఈ విషయంతో రెండు వైపుల నుండీ సంబంధం ఉన్నది. ఒకవైపు అమెరికా, ఆస్ట్రేలియా, బ్రిటన్ తదితర దేశాలకు వెళ్ళే భారతీయ విద్యార్థులలో తెలుగువారు పెద్దసంఖ్యలో ఉన్నారు. మరొకవైపు విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆఫ్రికా, ఆసియా దేశాల నుండి విద్యార్థులు వస్తారు. విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న మద్దిలపాలెం, పెదవాల్తేరు, ఇసుకతోట వంటి ప్రాంతాలలో ఒకే వీధి నుండి ఒక ఇంటి అబ్బాయి విదేశానికి వెళ్ళుట, అదే వీధికి ఒక విదేశీయుడు అద్దె గది కొరకు వచ్చుట వింత కాదు. అక్కడ తమ పిల్లలకు ఎదురైతే బాధ కలిగించే ప్రశ్నలనే ఇక్కడ ఇతరుల పిల్లలను అడుగుట ఈ విషయంలో గమనించదగిన అంశం.

పదం, నిర్వచనం

తెలుగులో మూస అనగా కరిగించిన లోహాన్ని పోసి కావలసిన ఆకారం తెచ్చే అచ్చు. మూసలో పోసినవన్నీ ఒకే రూపంలో వస్తాయి. ఆంగ్లంలోని స్టీరియోటైపు అనే పదం కూడా ఇటువంటిదే. ఇది 18వ శతాబ్దం చివర ఫ్రాన్సు దేశపు ముద్రణాలయాలలో పుట్టినది. ఒకసారి కూర్చిన అక్షరాల పుటను లోహపు పలకగా పోతపోసి, అదే పుటను మరల మరల అచ్చువేసే పద్ధతికి అది పేరు. అమెరికా పాత్రికేయుడు వాల్టర్ లిప్‌మన్ 1922లో ప్రచురించిన పబ్లిక్ ఒపీనియన్ అనే గ్రంథంలో ఈ పదాన్ని మనుషుల మనసులలోని చిత్రాలకు వాడిన తరువాత నేటి అర్థం వ్యాప్తిలోకి వచ్చినది.

అన్నం ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని తెలుగు సామెత. ఒకే గిన్నెలో, ఒకే ఎసరులో ఉడికిన బియ్యానికి ఇది సరిపోతుంది. మనుషులకు సరిపోదు. మూసాభిప్రాయం కలవారు ఒక్క మనిషిని చూచి, లేదా ఎవరినీ చూడకుండానే, ఒక దేశాన్నంతటినీ తీర్మానిస్తారు.

ఈ విషయంలో సాధారణంగా మూడు పదాలు కలగలిసిపోతుంటాయి:
• మూసాభిప్రాయం - ఒక వర్గం వారందరూ ఇటువంటివారే అనే తలంపు.
• దురభిప్రాయం - ఆ తలంపు వలన కలిగే అయిష్టం లేదా భయం.
• వివక్ష - ఆ అయిష్టంతో చేసే పని. ఉదాహరణకు ఇల్లు అద్దెకు ఇవ్వకపోవుట.

మూసాభిప్రాయం ఎల్లప్పుడూ నిందగానే ఉండనవసరం లేదు. భారతీయులందరికీ గణితం బాగా వచ్చును అనుట పొగడ్తవలె కనిపించినను, అదియును మూసయే.

తొలి పరిశోధనలు

1933లో డేనియల్ కాట్జ్, కెన్నెత్ బ్రేలీ అనే పరిశోధకులు అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో 100 మంది విద్యార్థులకు గుణవాచకాల జాబితా ఇచ్చి, పది జాతుల వారికి ఏ గుణాలు వర్తించునో ఎన్నుకొనమన్నారు. విద్యార్థుల సమాధానాలలో చాలా పోలిక కనిపించినది. తమకు పరిచయం లేని జాతుల గురించి కూడా వారు నిశ్చయంగా సమాధానమిచ్చారు. అనగా ఈ అభిప్రాయాలు అనుభవం వలన కాక, చుట్టూ ఉన్న సమాజం నుండి వచ్చినవని తెలిసినది.

రిచర్డ్ లాపియర్ 1934లో ప్రచురించిన పరిశీలన నేరుగా ఒక విదేశీ విద్యార్థికి సంబంధించినది. ఆయన ఒక చైనా విద్యార్థి, అతని భార్యతో కలిసి అమెరికా అంతటా ప్రయాణించి, 251 హోటళ్ళు, భోజనశాలలు, ఇతర వసతులకు వెళ్ళారు. ఒక్కచోట మాత్రమే వారిని రానివ్వలేదు. తరువాత అవే స్థలాలకు ఉత్తరాలు వ్రాసి, చైనీయులను అతిథులుగా స్వీకరింతురా అని అడుగగా, సమాధానమిచ్చినవారిలో 90 శాతానికి పైగా స్వీకరించమని వ్రాశారు. ఎదురుగా నిలబడిన మనిషికి దొరికిన చోటు, కాగితం మీది జాతి పేరుకు దొరకలేదు. తరువాతి కాలంలో ఈ పరిశీలన పద్ధతిపై విమర్శలు వచ్చినవి. లాపియర్ స్వయంగా వారి వెంట ఉండుట, ఎదురుగా నిలబడినవారు, ఉత్తరానికి బదులిచ్చినవారు ఒకరే అను నిశ్చయం లేకపోవుట వాటిలో ముఖ్యమైనవి.

చరిత్ర

విదేశాలకు వెళ్ళిన తొలితరం తెలుగు విద్యార్థులు

బ్రిటిషు పాలనలో ఉన్నత విద్య అనగా ఎక్కువగా ఇంగ్లండుకు వెళ్ళుట. ఆంధ్ర విశ్వవిద్యాలయపు తొలి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చదివినవారు. తరువాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి 1913లో న్యాయశాస్త్రం చదువుటకు ఐర్లండులోని డబ్లిన్ నగరానికి వెళ్ళి 1916లో తిరిగివచ్చారు. ఐర్లండు కూడా అప్పుడు బ్రిటిషు పాలనలోనే ఉండుట వలన, అక్కడి జాతీయవాదులకు భారతీయ విద్యార్థులపై సానుభూతి ఉండెడిది.

భారతీయ విద్యార్థులు రాజద్రోహులు కాగలరన్న అనుమానం ఆనాటి ప్రధానమైన మూసాభిప్రాయం. బ్రిటన్‌లోని భారతీయ విద్యార్థుల స్థితిగతులను పరిశీలించుటకు 1907లో లీ-వార్నర్ అధ్యక్షతన, 1921లో లిట్టన్ ప్రభువు అధ్యక్షతన సంఘాలు నియమింపబడినవి. బ్రిటన్‌లో వసతి గృహాలు రంగును బట్టి నిరాకరించుట చాలాకాలం చట్టవిరుద్ధం కాదు. 1968 నాటి జాతి సంబంధాల చట్టం ద్వారా మాత్రమే ఇళ్ళ అద్దె విషయంలో ఈ వివక్ష నిషేధింపబడినది.

భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయానికి చెందిన ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరారు. వైద్య విద్య పూర్తిచేసినవారైనను, జీవనం కొరకు బోస్టన్‌లోని ఒక ఆసుపత్రిలో కూలివానిగా రాత్రివేళ పనిచేశారు. సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. 1930లో డాక్టరేటు పొందినను, హార్వర్డులో స్థిరమైన ఆచార్య పదవి లభించలేదు. 1940లో లెడర్లే ప్రయోగశాలలకు వెళ్ళారు. ఆయన అమెరికా చేరిన 1923వ సంవత్సరంలోనే, భారతీయులు అమెరికా పౌరసత్వానికి అర్హులైన శ్వేతజాతీయులు కారని ఆ దేశపు సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యంలో తీర్పు ఇచ్చినది. 1946లో లూస్-సెల్లర్ చట్టంతో ఆ అడ్డు తొలగినది. కాని సుబ్బారావు పౌరసత్వం లేకుండానే 1948లో మరణించారు.

మూసాభిప్రాయానికి వ్రాతపూర్వకంగా సమాధానమిచ్చిన విద్యార్థిగా సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను చెప్పవచ్చును. ఆయన విదేశంలో చదువలేదు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుచుండగా, వేదాంతంలో నీతికి తావు లేదన్న పాశ్చాత్యుల విమర్శకు సమాధానంగా వేదాంత నీతిశాస్త్రంపై తన ఎం.ఏ. వ్యాసాన్ని వ్రాశారు. అది 1908లో ప్రచురింపబడినది. 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడుగా పనిచేసి, తరువాత ఆక్స్‌ఫర్డులో ఆచార్య పదవి చేపట్టారు.

మార్పిడి పథకాలు

రెండవ ప్రపంచయుద్ధం తరువాత, దేశాల మధ్య అపోహలను తొలగించుటకు విద్యార్థుల రాకపోకలే మార్గమన్న ఆలోచనతో పలు పథకాలు మొదలైనవి:
• ఫుల్‌బ్రైట్ పథకం - అమెరికాలో 1946లో ఏర్పడినది. భారతదేశంతో ఒప్పందం 1950లో జరిగినది.
• భారతీయ సాంస్కృతిక సంబంధాల మండలి - 1950లో మౌలానా అబుల్ కలాం ఆజాద్ స్థాపించారు. ఈ మండలి ఇచ్చే ఉపకార వేతనాలపై ఆఫ్రికా, ఆసియా విద్యార్థులు భారతదేశపు విశ్వవిద్యాలయాలకు వస్తారు.
• భారత సాంకేతిక, ఆర్థిక సహకార పథకం - 1964లో మొదలైనది. ఇందులో స్వల్పకాలిక శిక్షణలు ఎక్కువ.
• ఎరాస్మస్ పథకం - 1987లో ఐరోపా దేశాల మధ్య మొదలైనది.

అమెరికాలో 1965 నాటి వలస చట్టం తరువాత తెలుగు వైద్యులు, ఇంజనీర్లు పెద్దసంఖ్యలో వెళ్ళసాగారు. 1990ల నుండి కంప్యూటరు చదువుల వలన ఈ సంఖ్య మరింత పెరిగినది. 2008లో హైదరాబాదులో అమెరికా కాన్సులేటు ప్రారంభమగుటకు ముందు విశాఖపట్నం విద్యార్థులు కూడా వీసా ఇంటర్వ్యూకు చెన్నై వెళ్ళవలసి వచ్చెడిది. 2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. ఆ సంవత్సరం భారతదేశం చైనాను దాటి మొదటి స్థానానికి వచ్చినది.

విదేశాలలో తెలుగు విద్యార్థులు ఎదుర్కొనే మూసాభిప్రాయాలు

వీటిలో తరచుగా వినిపించేవి:
• భాష - భారతీయులందరి భాష హిందీ అనుకొనుట. తెలుగు అనే భాష ఉన్నదని, దానిని ఎనిమిది కోట్లకు పైగా ప్రజలు మాట్లాడుతారని తెలియకపోవుట. ఇంగ్లీషు బాగా మాట్లాడితే ఆశ్చర్యపడుట, యాసతో మాట్లాడితే విషయం తెలియదనుకొనుట.
• పేరు - తెలుగువారు ఇంటిపేరును ముందు వ్రాస్తారు. పాశ్చాత్య దేశాలలో అది చివరకు చేరి, తరగతిలో విద్యార్థిని తాతల నాటి ఊరిపేరుతో పిలుచుట జరుగుతుంది. పాస్‌పోర్టులో పేరు అంతా ఒకేచోట ఉన్నవారికి అమెరికా వీసాపై తొలిపేరు తెలియదు అనే అర్థం గల ఎఫ్.ఎన్.యు. అనే మూడు అక్షరాలు వస్తాయి. బ్యాంకులోను, కళాశాలలోను అవే అతని పేరుగా నమోదగుట కలదు.
• తిండి - భారతీయుల గదులన్నీ కూర వాసన వస్తాయనుట. వారందరూ శాకాహారులనుట.
• చదువు - గణితం, కంప్యూటరు తప్ప మరేదీ రాదనుట. చరిత్ర, సంగీతం, తత్వశాస్త్రం చదువవచ్చిన విద్యార్థిని వింతగా చూచుట. బట్టీపట్టి చదువుతారు, ప్రశ్నించరు అనుట.
• నిజాయితీ - అనుభవ పత్రాలు, బ్యాంకు పత్రాలు నకిలీవై ఉంటాయని అనుమానించుట.
• ఉద్యోగం - చదువు ఒక నెపం మాత్రమేనని, స్థానికుల ఉద్యోగాలు తీసుకొనుటకే వస్తారని అనుట.
• రూపం - అరబ్బు లేదా ఇరాను దేశీయుడని పొరబడుట.

వీటిలో కొన్నింటికి కొందరి విషయంలో ఆధారం లేకపోలేదు. కొందరు దళారులు నకిలీ పత్రాలు తయారుచేసి ఇచ్చుట, అది తెలిసియే కొందరు విద్యార్థులు వాడుకొనుట జరిగినవి. కాని దాని భారం నిజాయితీగా వచ్చిన విద్యార్థులందరిపైనా పడుతుంది.

సంఘటనలు

2009లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ పరిసరాలలో భారతీయ విద్యార్థులపై వరుసగా దాడులు జరిగినవి. మే నెలలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక విద్యార్థి తలకు తీవ్రమైన గాయమై స్పృహ కోల్పోయెను. అదే నెల చివర వేలాది విద్యార్థులు మెల్బోర్న్ వీధులలో నిరసన తెలిపారు. ఇవి దొంగతనం కొరకు జరిగినవా, జాతిని బట్టి జరిగినవా అన్న చర్చ చాలాకాలం సాగినది. రాత్రివేళ పనిచేసి ఒంటరిగా రైలులో వచ్చే భారతీయ విద్యార్థి ఎదురుతిరగడు, అతని వద్ద ఫోను, ల్యాప్‌టాప్ ఉంటాయి అన్న అభిప్రాయమే వారిని సులభమైన లక్ష్యంగా చేసినదని కూడా విశ్లేషణలు వచ్చినవి.

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయాన్ని వీసా మోసాల కారణంగా అమెరికా అధికారులు మూసివేశారు. అందులోని విద్యార్థులలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారు. కొందరి కాళ్ళకు వారి కదలికలను తెలిపే పరికరాలను తొడుగగా, భారత ప్రభుత్వం నిరసన తెలిపినది. దాని నిర్వాహకురాలికి 2014లో 16 సంవత్సరాలకు పైగా జైలుశిక్ష పడినది. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం వ్యవహారం బయటపడినది. ఇది అమెరికా అధికారులే విచారణ కొరకు నెలకొల్పిన నకిలీ విశ్వవిద్యాలయం. అరెస్టయిన విద్యార్థులలో దాదాపు అందరూ భారతీయులు కాగా, వారిలో తెలుగువారు ఎక్కువగా ఉన్నారు. ఈ రెండు సంఘటనల తరువాత, వాటితో సంబంధం లేని తెలుగు విద్యార్థులను కూడా అనుమానంతో చూచుట పెరిగినదన్న ఆవేదన తెలుగువారిలో వ్యక్తమైనది.

2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతే పట్టణంలో, అమెరికాలోనే ఉన్నత విద్య పూర్తిచేసి ఉద్యోగం చేయుచున్న హైదరాబాదు ఇంజనీరును ఒక వ్యక్తి ఇరాను దేశీయునిగా భావించి కాల్చిచంపెను. అతని తెలుగు స్నేహితుడు గాయపడినాడు. అక్కడ ఉన్న ఒక స్థానిక అమెరికన్ హంతకుని అడ్డుకొనబోయి తానును తూటా దెబ్బ తిన్నాడు. హంతకునికి 2018లో యావజ్జీవ శిక్ష పడినది.

2024 మే నెలలో కిర్గిజిస్తాన్ రాజధాని బిష్కెక్‌లో స్థానికులకు, కొందరు విదేశీ విద్యార్థులకు మధ్య జరిగిన గొడవ దృశ్యాలు వ్యాపించగా, అల్లరిమూకలు విదేశీ విద్యార్థుల వసతి గృహాలపై దాడిచేసినవి. ఆ గొడవతో సంబంధం లేని భారత, పాకిస్తాన్ వైద్య విద్యార్థులు గదులలో తలుపులు వేసుకొని గడపవలసి వచ్చినది. అక్కడ చదువుచున్న తెలుగు విద్యార్థుల కుటుంబాలు ఆందోళన చెందినవి.

విశాఖపట్నంలో విదేశీ విద్యార్థులు

నేపథ్యం

విశాఖపట్నానికి విదేశీయులు కొత్త కాదు. 1933లో ఓడరేవు, 1957లో కాల్టెక్స్ చమురుశుద్ధి కర్మాగారం మొదలైనవి. ఉక్కు కర్మాగారం సోవియట్ యూనియన్ సాంకేతిక సహకారంతో నిర్మింపబడినది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో ప్రారంభమై, 1930లో వాల్తేరుకు తరలినది. ఇథియోపియా తదితర ఆఫ్రికా దేశాల నుండి, నేపాల్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్, ఇరాక్ వంటి ఆసియా దేశాల నుండి విద్యార్థులు ఇక్కడ చదివారు. ఇథియోపియా నుండి వచ్చినవారిలో తమ దేశపు కళాశాలలలో అధ్యాపకులుగా ఉంటూ పరిశోధన కొరకు వచ్చినవారు గణనీయంగా ఉన్నారు.

మద్దిలపాలెం విశ్వవిద్యాలయానికి పక్కనే, 16వ నంబరు జాతీయ రహదారిపై ఉన్నది. ఆర్టీసీ డిపో, డాక్టర్ వి.ఎస్.కృష్ణా ప్రభుత్వ కళాశాల ఇక్కడ ఉన్నవి. పిఠాపురం కాలనీలోని కళాభారతిలో సంగీత కచేరీలు జరుగుతాయి. హాస్టలులో కాక బయట ఉండదలచిన విద్యార్థులు ఇక్కడి వీధులలో గదులు వెదకుతారు.

ఇక్కడి మూసాభిప్రాయాలు

తెల్లనివారిని దొర అని గౌరవంతోను, నల్లనివారిని అనుమానంతోను చూచుట తెలుగునాట పాత అలవాటు. ఇదియును పరాయి పాలన నాటి వారసత్వమే. ఆఫ్రికా విద్యార్థుల విషయంలో సాధారణంగా కనిపించే అభిప్రాయాలు ఇవి:
• ఆఫ్రికా అంతా ఒకే దేశమనుకొనుట. వాస్తవానికి ఐక్యరాజ్య సమితిలో 54 ఆఫ్రికా దేశాలకు సభ్యత్వం ఉన్నది.
• మత్తుపదార్థాలు, మోసాలతో సంబంధం ఉంటుందని అనుమానించుట. పత్రికలలో ఒకరు పట్టుబడినట్లు వార్త వచ్చినప్పుడు ఊరిలోని వారందరిపైనా ఆ మచ్చ పడుట.
• ఎల్లప్పుడూ మాంసమే తింటారనుట.
• లిపి, చదువు లేని దేశాల నుండి వచ్చారనుకొనుట.
• అనుమతి అడుగకుండా ఫోటోలు తీయుట, జుట్టు తాకి చూచుట. ఇవి ద్వేషంతో చేసేవి కాకపోయినను, పొందేవారికి అవమానకరం.

వీటిని ఇథియోపియా విషయంతో పోల్చి చూడవచ్చును. ఇథియోపియాకు గీజ్ అనే ప్రాచీన లిపి కలదు. దానిలో ప్రతి హల్లుకు ఏడు స్వరాలతో ఏడు రూపాలు ఉంటాయి. అనగా తెలుగు పిల్లలు గుణింతం నేర్చినట్లే అక్కడి పిల్లలు కూడా తమ గుణింతం నేర్చుకొంటారు. ఆ దేశపు పంచాంగంలో 13 నెలలు. అక్కడి సనాతన క్రైస్తవులు బుధ, శుక్రవారాలలోను, పండుగల ముందు ఉపవాస దినాలలోను మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. వారానికి ఒకటి రెండు రోజులు నీచు మానివేసే తెలుగు ఇళ్ళకు ఇది తెలిసిన ఆచారమే. టెఫ్ అనే చిరుధాన్యపు పిండిని పులియబెట్టి పోసే ఇంజెరా చూచుటకు అట్టును పోలి ఉంటుంది. 1896లో అడ్వా యుద్ధంలో ఇటలీ సేనను ఓడించిన దేశమది. అరకు లోయలో గిరిజన రైతులు పండించే అరబికా కాఫీ మొక్కకు పుట్టిల్లు కూడా ఇథియోపియాయే.

ఆఫ్రికా వారు తెలుగునేలపై స్థిరపడుట కూడా కొత్త విషయం కాదు. నిజాం సైన్యంలోని ఆఫ్రికా అశ్వికదళం పేరు మీదనే హైదరాబాదులోని ఏ.సి.గార్డ్స్ ప్రాంతానికి ఆ పేరు వచ్చినది. వారి సంతతి వారైన సిద్దీలు నేటికీ అక్కడ ఉన్నారు.

అద్దె ఇల్లు

మూసాభిప్రాయం మాట దాటి చేతలోనికి వచ్చే మొదటి చోటు సాధారణంగా అద్దె ఇల్లు. స్థానిక విద్యార్థులను సైతం కులం, తిండి అడిగి ఇల్లు ఇచ్చుట, మానుట ఆంధ్ర పట్టణాలలో ఉన్నదే. విదేశీయుల విషయంలో దీనికి మరొక కారణం తోడవుతుంది. విదేశీయులకు వసతి ఇచ్చినవారు ఆ వివరాలను అధికారులకు తెలియజేయవలెను. చాలాకాలం ఇది ఫారం-సి అనే పేరుతో జరిగినది. 2025లో వచ్చిన వలస, విదేశీయుల చట్టం కూడా ఈ బాధ్యతను కొనసాగించినది. ఈ పని ఇంటర్నెట్ ద్వారా కొద్దిసేపటిలో పూర్తిచేయవచ్చును. కాని పోలీసులతో పని పడుతుందన్న భయంతో కొందరు యజమానులు ముందే వద్దంటారు. అడిగినవారికి మాత్రం తమ రంగు వలననే ఇల్లు దొరకలేదని తోస్తుంది. కొన్నిసార్లు అది నిజం కూడా. ఇల్లు దొరకనివారు తమ దేశీయులతోనే ఒకేచోట చేరుతారు. అప్పుడు వీరు ఎవరితోను కలవరు అన్న మరొక మూసాభిప్రాయం పుడుతుంది.

ఇతర భారతీయ నగరాలలో

2016లో బెంగుళూరులో ఒక సూడాన్ దేశీయుని కారు తగిలి ఒక మహిళ మరణించగా, కొంతసేపటికి అదే దారిలో వచ్చిన టాంజానియా విద్యార్థినిపై గుంపు దాడిచేసినది. ఆమెకు ఆ ప్రమాదంతో సంబంధం లేదు. ఆమె దేశమూ వేరు. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో ఒక స్థానిక విద్యార్థి మరణం తరువాత వచ్చిన పుకార్ల వలన నైజీరియా విద్యార్థులపై దాడి జరిగినది. బెంగుళూరులో జరిగిన దానికి, 2024లో బిష్కెక్‌లో జరిగిన దానికి పోలిక స్పష్టం. రెండుచోట్లను ఒకరు చేసిన దానికి, వారివలె కనిపించిన మరొకరు శిక్ష అనుభవించారు.

ప్రభావాలు

1995లో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు క్లాడ్ స్టీల్, జాషువా ఆరన్సన్ ఒక పరీక్ష ఫలితాలను ప్రకటించారు. ఇది మీ తెలివిని కొలిచే పరీక్ష అని చెప్పినప్పుడు నల్లజాతి విద్యార్థుల ఫలితాలు తగ్గినవి. అట్లు చెప్పనప్పుడు ఆ తగ్గుదల కనిపించలేదు. తమ జాతిపై ఉన్న అపవాదును తాము నిజం చేస్తామేమో అన్న భయమే దీనికి కారణమని వారు ప్రతిపాదించారు. తరువాతి పరిశోధనలలో కొన్ని ఈ ప్రభావం మొదట అనుకొన్నంత పెద్దది కాదని తేల్చినవి. దీనిపై చర్చ కొనసాగుచున్నది.

విద్యార్థుల నిత్యజీవితంలో కనిపించే ప్రభావాలు:
• యాసకు నవ్వుతారేమోనని తరగతిలో ప్రశ్న అడుగకుండుట.
• తన దేశీయులతో మాత్రమే స్నేహం చేయుట, స్థానిక భాష నేర్చుకొనకపోవుట.
• చిన్న తప్పు జరిగినను అది దేశం మొత్తానికి అంటుతుందన్న భారం మోయుట.
• దాడి, మోసం వంటివి జరిగినప్పుడు పోలీసుల వద్దకు వెళ్ళుటకు జంకుట.
• ఇంటివారు బెంగపడతారని ఈ విషయాలను తల్లిదండ్రులకు చెప్పకపోవుట.

బాధితులు కూడా మూసాభిప్రాయాలకు అతీతులు కారు. అమెరికా చేరిన తెలుగు విద్యార్థికి సీనియర్లు ఇచ్చే మొదటి సలహాలలో నల్లజాతివారు ఉండే వీధుల వైపు వెళ్ళవద్దన్నది తరచుగా ఉంటుంది. నైజీరియా రచయిత్రి చిమమండ అడీచి 2009లో ఇచ్చిన ఉపన్యాసంలో ఈ రెండు వైపులనూ చెప్పారు. అమెరికా విశ్వవిద్యాలయంలో ఆమెతో గదిలో ఉన్న విద్యార్థిని ఆమె ఇంగ్లీషు విని ఆశ్చర్యపడినది. ఆమెకు పొయ్యి వాడుట రాదనుకొన్నది. అదే ఉపన్యాసంలో అడీచి తాను మెక్సికో దేశీయుల గురించి అటువంటి తప్పే చేసినట్లు తెలుసుకొని సిగ్గుపడిన సందర్భాన్ని కూడా వివరించారు.

నివారణ

చట్టాలు

• ఆంధ్రప్రదేశ్ ర్యాగింగు నిషేధ చట్టం 1997లో వచ్చినది.
• విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009 నాటి ర్యాగింగు నిరోధక నిబంధనలను 2016లో సవరించినది. రంగు, జాతి, మతం, కులం, జాతీయత, భాష, పుట్టిన ప్రదేశం వంటి కారణాలతో తోటి విద్యార్థిని శారీరకంగా గాని మానసికంగా గాని వేధించుట కూడా ర్యాగింగు క్రిందికి వచ్చునని ఈ సవరణ చెప్పుచున్నది. భారతదేశంలో చదివే విదేశీ విద్యార్థులకు కూడా ఇది వర్తించును.
• అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టంలోని ఆరవ భాగం, ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థలలో జాతి, రంగు, పుట్టిన దేశం ఆధారంగా వివక్షను నిషేధించినది.

పరిచయం

అమెరికా శాస్త్రజ్ఞుడు గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో ప్రచురించిన గ్రంథంలో, రెండు వర్గాలు ఊరక కలుసుకొన్నంత మాత్రాన దురభిప్రాయం తొలగదని, నాలుగు షరతులు కావలెనని చెప్పారు. అవి సమాన స్థాయి, ఒకే లక్ష్యం, కలిసి పనిచేయుట, అధికారంలో ఉన్నవారి మద్దతు. మార్పిడి పథకాలలో సంవత్సరానికి ఒకసారి జాతీయ దుస్తులు, వంటకాలతో జరిపే ఉత్సవాల కంటే, ఒకే ప్రయోగశాలలో ఒకే పనిపై కలిసి కూర్చొనుట ఎక్కువ మేలు చేయుటకు ఇదే కారణం. ఉత్సవంలో విద్యార్థి తన దేశానికి ప్రతినిధి. ప్రయోగశాలలో అతడు అతడే.

విద్యార్థులు పాటించదగినవి

• తెలియక అడిగిన ప్రశ్నకు, కించపరచుటకు అడిగిన ప్రశ్నకు గల తేడాను గుర్తించి, మొదటిదానికి ఓపికగా సమాధానమిచ్చుట.
• ప్రతి ప్రశ్నకు దేశం తరఫున సమాధానం చెప్పవలసిన పని లేదని తెలుసుకొనుట. నా ఇంట్లో ఇట్లు చేస్తాము అని మాత్రమే చెప్పవచ్చును.
• వేధింపు జరిగినప్పుడు తేదీ, స్థలం, సాక్షుల వివరాలు వ్రాసి ఉంచుకొని, విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వ్రాతపూర్వకంగా తెలియజేయుట. ప్రాణభయం ఉన్నప్పుడు ముందుగా పోలీసులకు, తరువాత తమ దేశపు రాయబార కార్యాలయానికి తెలుపుట.
• స్థానిక భాషలో కొన్ని మాటలైనను నేర్చుకొనుట. విశాఖలో తెలుగు మాట్లాడే విదేశీ విద్యార్థికి దుకాణంలోను, ఆటోలోను లభించే ఆదరణ వేరుగా ఉంటుంది.

కళలు, ప్రసార మాధ్యమాలు

• పడమటి సంధ్యారాగం (1987) - జంధ్యాల దర్శకత్వం వహించిన తెలుగు చిత్రం. అమెరికాలోని తెలుగు కుటుంబపు అమ్మాయి, అమెరికన్ యువకుని ప్రేమకథ. ఇందులో విదేశీయునిపై మూసాభిప్రాయం తెలుగు తండ్రిది.
• ది ప్రాబ్లమ్ విత్ అపు (2017) - తెలుగు మూలాలున్న అమెరికన్ హాస్యనటుడు హరి కొండబోలు నిర్మించిన డాక్యుమెంటరీ. ది సింప్సన్స్ అనే కార్టూను ధారావాహికలోని భారతీయ దుకాణదారు పాత్ర వలన అమెరికాలో పెరిగిన దక్షిణాసియా పిల్లలు ఎదుర్కొన్న ఎగతాళి దీని విషయం. ఆ పాత్రకు గొంతు ఇచ్చిన శ్వేతజాతి నటుడు 2020లో తప్పుకొన్నాడు.

ఇవి కూడా చూడండి

• ఆంధ్ర విశ్వవిద్యాలయం
• మద్దిలపాలెం
• యల్లాప్రగడ సుబ్బారావు
• సర్వేపల్లి రాధాకృష్ణన్
• ఇథియోపియా
• ర్యాగింగు